కుడివైపు నుంచి పిలవకండి

ఆపేశారు. స్టేషన్ ఘన్‌పూర్ దాటి రైలు ఇంకా ఊపందుకోనే లేదు, కీచుమని ఆగింది, ఆ కీచు నా ఎడమ చెవిలో మాత్రమే పడింది, కుడి చెవిలో ఎప్పటి ఈలే, ఎవరో కుక్కరు పొయ్యి మీద పెట్టి మర్చిపోయి ఊరెళ్ళినట్టు రెండేళ్ళుగా అదే ఈల. కిటికీలోంచి చూస్తే ముందు పట్టాల మీద జెండాలు, డప్పులు, వంటావార్పు అని పట్టాల పక్కనే రాళ్ళ పొయ్యి, దాని మీద ఇంత గంగాళం. రైల్ రోకో. ఇవాళే కావాల్సి వచ్చింది వీళ్ళకు. నేనూ జై తెలంగాణ అన్నవాణ్ణే, మహబూబాబాద్‌లో నా మటన్ దుకాణం షట్టరు మీద అంతెత్తు అక్షరాలతో రాయించినవాణ్ణే, అయినా ఈ క్షణాన ఆ పట్టాల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒక్కొక్కడి మెడా నా చేతికి దొరికితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. పొద్దు వాలేలోగా హైదరాబాద్‌లో డాక్టరు ముందు కూర్చుని ఒక్క మాట చెప్పాలి, తల కోయించుకుంటానా, రేడియేషన్ కిరణం పెట్టించుకుంటానా, ఇంకొన్నాళ్ళు చూస్తూ ఊరుకుంటానా. ఇవాళ దాటితే ఆయన పరాయి దేశం పోతాడు, తిరిగి వచ్చేది ఎప్పుడో, అప్పటిదాకా నా తలలోని గడ్డ చేతులు కట్టుకుని కూర్చోదు. పక్కన నా భార్య జరీనా ఎమ్మారై ఫిల్ముల కవరును రొమ్ముకు అదుముకుని కూర్చుంది. పెళ్ళయిన నాటి నుంచి నా కుడి పక్కన కూర్చునేది, ఈ మధ్య ఎడమ పక్కకు మారింది, మారమని నేను చెప్పలేదు, ఎందుకు మారిందో ఆమె చెప్పలేదు.

తలకాయ గురించి నాకు ఒకడు చెప్పాలా. మీసాలు రాకముందు నుంచి మేక తలలు కాలుస్తున్నాను, గీకుతున్నాను, మొద్దు మీద పెట్టి ఒక్క వేటుకు రెండు చేస్తున్నాను, భేజా చెదరకుండా తీసి ఆకులో పెట్టి ఇస్తున్నాను. చెవి వెనక ఎముక ఒకటి ఉంటుంది, మిగతా పుర్రె అంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు, వట్టి రాయి, అక్కడ తగిలితే ఎంత మంచి కత్తికైనా గంటు పడుతుంది. డాక్టరు ప్లాస్టిక్ పుర్రె ముందు పెట్టుకుని సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు, "ఇక్కడ తెరుస్తామండీ" అన్నాడు, దుకాణం షట్టరు తెరిచినంత తేలిగ్గా, నాకు ఆ వేలు పట్టుకుని విరవాలనిపించింది. విరవలేదు, ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. మా సందులో వాళ్ళు ఆంధ్రా డాక్టరు చేతిలో తల పెడతావా అన్నారు, వాళ్ళ మాట వదిలెయ్యండి, కత్తి పట్టేవాడి దగ్గర నేను చూసేది చెయ్యి వణుకుతుందా లేదా అన్నదొక్కటే, ఆయన చెయ్యి వణకలేదు. క్యాన్సర్ కాదండీ అన్నాడు ముందు, దాని పేరు అకౌస్టిక్ న్యూరోమా అన్నాడు తరవాత, ఆ పేరు నా నోట్లో ఇప్పటికీ తిరగదు. చెవి నుంచి మెదడుకు ఎముకలో సన్నటి దారి ఉంటుందట, అందులో వినే నరం, మనిషిని తూలకుండా నిలిపే నరం, ముఖాన్ని కదిలించే నరం ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయట, నిలిపే నరం మీది పొరలోంచి గడ్డ పుట్టి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి, ఆ దారి చాలక మెదడు వైపు తల పెట్టిందట, ఇప్పుడది పెద్ద ఉసిరికాయంత. ఇన్నేళ్ళు నా తలలో ఇల్లు కట్టుకుని కిరాయి లేకుండా ఉన్నది, నా ఉప్పు తిన్నది, నా నెత్తురు తాగింది, దాన్ని నా చేతులతో పట్టి మొద్దు మీద పెట్టి తునకలు చేస్తే గానీ నా కడుపు మంట చల్లారదు. నా తలలోకి నా చెయ్యి పోదు, అదీ నా ఖర్మ.

కుడివైపు నుంచి ఎవరూ పిలవకండి అని మెడలో పలక కట్టుకుని తిరిగితే బాగుండేది. మొదట దుకాణంలోనే మొదలైంది, కుడి పక్క నిలబడి కిలో కొట్టు యాకూబన్నా అంటే వినపడేది కాదు, యాకూబుకు కండ్లు నెత్తికెక్కినయి అన్నారు. మా అత్త అజీజ్‌బీ మహదేవపూర్ నుంచి తాయెత్తు పట్టుకుని వచ్చింది, దానితో ఊరుకుంటే సరే, వెల్లుల్లి వేసి మరగబెట్టిన నూనె చెవిలో పోసింది, చల్లారిందో లేదో చూసుకోలేదు, నేను గిన్నె లాక్కుని గోడకేసి కొట్టాను, ఆ నూనె మరక ఇప్పటికీ గోడ మీద ఉంది. తరవాత బంద్ రోజు. దుకాణం బంద్ పెట్టమని పిలగాళ్ళు కేకలేసుకుంటూ వచ్చారట, కుడివైపు నుంచే వచ్చారు, నేను వంగి ఎముకలు కొడుతున్నాను, మేం అరుస్తుంటే లెక్క చెయ్యడా అని వేలాడే మేకను కొక్కెంతో సహా పీకి రోడ్డు మీద ఈడ్చారు, నేను చూసేసరికి దుమ్ములో నా మేక, దాని మీద నలుగురి కాళ్ళు. నేను తెలంగాణ ద్రోహినట. కత్తి పట్టుకుని వెంటపడ్డాను, నలుగురూ పరుగు, నేనూ పరుగు, మూల మలుపులో పోలీసులు, ఆగు అన్నారట, ఎటువైపు నుంచి అన్నారో నేను చెప్పాలా. లాఠీ మోకాలి మీద పడింది, కింద పడ్డాక వీపు మీద పడింది, చేతిలో కత్తి ఉంది కాబట్టి నన్ను ఉద్యమకారుడన్నారు. పొద్దున ద్రోహి, మధ్యాహ్నానికి ఉద్యమకారుడు, రెండింటికీ తన్నులే. ఆ రాత్రి జరీనా పసుపు కట్టు కడుతూ నా కుడి చెవి దగ్గర ఏదో గుసగుసగా అడిగింది, నేను పలకలేదు, ఆమె చాలాసేపు నా వంక చూస్తూ ఉండిపోయింది.

గడ్డ వినే నరాన్ని తింటే తిన్నది, నా పరువును కూడా తిన్నది, దానికే దాన్ని క్షమించను. డోర్నకల్ దగ్గర తండాలో మంగ్యా బిడ్డ పెళ్ళి. మంగ్యా నాకు మేకలు తెచ్చే లంబాడీ, తమ్ముడి లెక్క, ఒకే కంచంలో తిన్నవాళ్ళం. తండా వాళ్ళ మేకలు వాళ్ళే వాళ్ళ పద్ధతిలో కోసుకుంటారు, నెత్తురు పారబోయరు, దానితో వాళ్ళ కూర వాళ్ళకుంది. ఊళ్ళ నుంచి వచ్చే తురక దోస్తులకు మాత్రం రెండు మేకలు నేను హలాల్ చెయ్యాలి, మంగ్యా ఇంట్లో ఏ శుభకార్యమైనా అది నా పని, ఇంకెవరినీ పిలవడు. మంగ్యా కాళ్ళు పట్టుకున్నాడు, నేను బిస్మిల్లా అని వంగాను, వంగగానే నేల లేచింది. నిజంగా లేచింది, కుడి పక్క నుంచి నేల నా మీదికి లేచి వచ్చింది, కత్తి మేక మెడ కోసుకుంటూ పోయి మంగ్యా ముంజేతిలో దిగింది, మేకదెంతో మంగ్యాదెంతో తెలియకుండా ఎర్రటి మడుగు, పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు శోకం పెట్టారు. అప్పుడు ఎవరో అన్నాడు, "సాయిబు తాగి వచ్చిండు." నేను. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క నాలిక మీద వేసుకోని నేను. వాణ్ణి కొట్టాను, పిడికిలితో పళ్ళ మీద కొట్టాను, కొట్టిన ఊపుకు నేనే తూలి వాడి మీద పడ్డాను, దానితో చూస్తున్నవాళ్ళకు నమ్మకం కుదిరింది. అంతటితో పోయిందా, మా వాళ్ళే, నాతో పక్కన నిలబడి నమాజు చేసేవాళ్ళే, మైకంలో ఉన్నవాడు కోసింది హలాల్ ఎట్లయితది అని గుసగుసలాడుకుని, ఆ మాంసం ముట్టకుండా పప్పు పోసుకుని తిని లేచిపోయారు. నేను కోసిన మాంసాన్ని నా వాళ్ళు విస్తట్లో నుంచి పక్కకు నెట్టడం నేను కళ్ళారా చూశాను. మంగ్యా తువ్వాలు చుట్టిన చేతిని పైకి పట్టుకుని అందరికీ వినపడేలా అన్నాడు.

"యాకూబన్న తాగడు. తాగినోని కండ్లు నాకెర్కలేవా? ఆయన తలల ఏదో తిరుగుతున్నది, దవాఖానకు తోలుకపోర్రి."

పన్నెండు కుట్లు పడ్డ మనిషి నన్ను తిట్టాలి కదా, తిట్టలేదు, అందుకు వాడి మీద కూడా కోపం వచ్చింది. తిట్టి ఉంటే సమానమయ్యేది.

ఎండకు రైలు పెట్టె కాలుతోంది, డప్పులు ఆగడం లేదు, ఎదురు సీటులో ఎవరి పిల్లో ఏడుస్తోంది. జరీనా ఫిల్ముల కవరు సర్దుకుంది. ఆమెకు కిరణం కావాలి. కత్తి లేదు, నెత్తురు లేదు, తలను చట్రంలో బిగించి పొద్దున పడుకోబెడతారు, సాయంత్రానికి లేచి ఇంటికి పోవచ్చు, ఆమె లెక్క అంతే. డాక్టరు కిరణం తప్పనలేదు, చిన్న గడ్డలకు అది చాలా మంచిదన్నాడు, దానితో గడ్డ పోదు, పెరగడం ఆగుతుంది, ఎక్కువమందికి ఆగుతుందన్నాడు, కానీ నాది దాని హద్దు దగ్గర ఉందట, మెదడు కాండాన్ని ఇప్పటికే తోస్తోందట, కిరణం తగిలాక గడ్డ ముందు కొంత ఉబ్బుతుందట, ఆ ఉబ్బు దేన్ని నొక్కుతుందో చెప్పలేమన్నాడు. ఊరికే చూస్తూ ఉండటం కూడా ఒక వైద్యమేనట. ముసలివాళ్ళకు, గోరంత గడ్డ ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి ఫోటో తీసి చూస్తూ వదిలేస్తారట. మొదటిసారి నేనే చేతులు పట్టుకుని బతిమాలాను, చూద్దాం సార్ అని, చూశాం, రెండో ఫోటోలో అది పెరిగింది, ఇంకా చూడటమంటే అది మెదడులో నీళ్ళ దారిని మూసేదాకా చూడటమే. ఇక మిగిలింది కత్తి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా కోస్తారట, కుడి చెవిలో మిగిలిన కాస్త వినికిడీ పోతుందట, ఏం చేసినా పోయింది రాదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. చెవి పోతే పోయింది, ఒంటి చెవితో చచ్చినవాణ్ణి ఎవణ్ణీ చూడలేదు. ముఖం. ముఖాన్ని కదిలించే నరం గడ్డ మీద పలచగా పరుచుకుని అంటుకుని ఉంటుందట, దాన్ని విడదీసేటప్పుడు దెబ్బ తగిలితే కుడి పక్క ముఖం జారిపోతుందట, పెదవి వంకర, తాగిన నీళ్ళు గదుమ మీదికి, కన్ను మూతపడదు, నిద్రలో కూడా తెరుచుకునే ఉంటుంది.

ఆ మాట దగ్గరే, చెప్పడానికి సిగ్గేముంది, భయపడ్డాను. రోజుకు ఇన్ని జీవాల మెడ మీద కత్తి పెట్టేవాణ్ణి, నా మీదికే కత్తి వస్తుందన్నది ఒక భయం, కానీ దానికంటే పెద్దది ముఖం. వంకర మూతివాణ్ణి పెళ్ళింట్లోకి ఎవడు పిలుస్తాడు, పొద్దున్నే వాడి మొహం చూస్తూ మాంసం ఎవడు కొంటాడు, ఇంతకుముందు తాగుబోతన్నారు, ఇప్పుడు అల్లా కొట్టాడంటారు. పోనీ కిరణమే అంటే లోపలి దొంగ చావడు, కట్టేసి పడుకోబెట్టినట్టు, కట్లు తెంచుకుంటే అప్పుడు కొయ్యడం ఇంకా కష్టమట. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, నాకు పక్కన కూడా ఒక గొయ్యి తవ్వి పెట్టారు. బయటికి వస్తుంటే డాక్టరు వెనక్కి పిలిచి ఇంకో దారి చెప్పాడు, గడ్డనంతా తియ్యకుండా ముఖం నరానికి అంటుకున్న పెచ్చు మాత్రం వదిలేసి మిగతాది తీసేస్తానన్నాడు, వదిలింది పెరిగితే అప్పుడు కిరణం. నాకు అది నచ్చలేదు, సగం కోసి వదిలే కసాయి కసాయేనా అని లోపల తిట్టుకున్నాను. వారం రోజులుగా తిడుతూనే ఉన్నాను. కానీ మేక కార్జం, అదే లివరు, కోసేటప్పుడు నేను చేసేదేమిటి, పిత్తపు తిత్తి దానికి అంటుకుని ఉంటుంది, తిత్తిని గీరి గీరి తీస్తే పగిలి కార్జమంతా చేదెక్కుతుంది, అందుకే తిత్తికి ఇంత కార్జం పెచ్చు వదిలేసి కోస్తాను, ఆ పెచ్చు పోతే పోయిందని, అది మా అబ్బా చెయ్యి పట్టి నేర్పిన పని. అది తెలిసీ ఒప్పుకోలేదు నా మనసు, ఎందుకంటే ఇక్కడ మిగిలేది నా తలలో, మళ్ళీ ఇల్లు కట్టేది నా తలలో.

గంట దాటింది. ఇక నా వల్ల కాలేదు. లేచాను, జరీనా చెయ్యి పట్టుకుంటే విదిలించాను, పెట్టె దిగి కంకర మీద పడబోయి చక్రం పట్టుకుని నిలబడ్డాను, రైలు పొడవునా ఒక చేత్తో పెట్టెను పట్టుకుంటూ ఇంజను దాకా నడిచాను, చూసినవాళ్ళు తాగాడనే అనుకుని ఉంటారు, అనుకోనీ. పొయ్యి దగ్గరికి పోయి అరిచాను, ఏమని అరిచానో నాకు సరిగ్గా గుర్తు లేదు, లేవకపోతే ఒక్కొక్కణ్ణి నరుకుతానన్నాననుకుంటా. కుర్రాళ్ళు నలుగురు లేచారు నా మీదికి. గంగాళంలో అన్నం కలుపుతున్న ఆడమనిషి, చంద్రమ్మా చంద్రమ్మా అని అందరూ పిలుస్తున్న మనిషి, తెడ్డు అడ్డం పెట్టి వాళ్ళను ఆపింది.

"ఏందయ్యా, ఎవర్ని నరుకుతవ్? ఏమైంది నీకు?"

"నా తలల గడ్డ ఉన్నది! ఇయ్యాల డాక్టర్ దగ్గరికి పోకుంటె సస్త!"

ఆమె తెడ్డు కిందికి దించింది. "గా ముక్క ముందుగాల చెప్పద్దా? గంట సేపు డబ్బల కూసోని ఏం జేసినవ్? దవాఖానకు పోయెటోళ్ళను మేమెన్నడన్న ఆపినమా?" అని నన్ను తిట్టి, "ఓ కాళీ, బండి తియ్యి, ఈ అన్నను జనగామల దించి జీపు ఎక్కిచ్చి రా" అని కేకేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, గంటసేపు పళ్ళు నూరడానికి నాకు ఓపిక ఉంది, దిగి అడగడానికి లేకపోయింది. కాళి అనేవాడు మోటారు సైకిలు వైపు పరుగెత్తాడు. జరీనాను పిలవడానికి వెనక్కి తిరగబోయాను, అంతలో చంద్రమ్మ ముఖం మారింది, నా భుజం మీదుగా కుడివైపు ఏదో చూస్తోంది, నోరు తెరిచింది, నాకు అర్థమయ్యేలోగా వీపు మీద లాఠీ పడింది. పోలీసులు రైల్వే గేటు వైపు నుంచి దిగారు, అందరికీ వినపడ్డారు, నాకు తప్ప. గంగాళం బోర్లపడింది, పొగలు కక్కే అన్నం కంకర మీద, దాని మీదుగా బూట్లు, చంద్రమ్మ జుట్టు ఒకడి చేతిలో, నేను వాడి లాఠీ పట్టుకుని మెలితిప్పాను, వాడి మణికట్టు కటుక్కుమంది, ఇంకొకడు నా మోచేయి మీద కొట్టాడు, నేను తలతో వాడి ముఖంలో పొడిచాను, ఈ పాడు తలతోనే, నెత్తురు నాదో వాడిదో కంట్లోకి కారింది, కొట్టండిరా, ఇక్కడ కొట్టండి, చెవి వెనక కొట్టండి, డాక్టరుకు పని తగ్గుతుంది. అప్పుడు నా ఎడమ పక్కన, జానెడు దూరంలో, టియర్‌గ్యాసు గోళం పేలింది.

లోకం ఆరిపోయింది. డప్పు లేదు, కేక లేదు, కంకర మీద బూట్ల చప్పుడు లేదు, కుడి చెవిలో ఈల ఒక్కటే. మనుషులు నోళ్ళు తెరిచి పరుగెడుతున్నారు, తెల్లటి పొగ, కళ్ళల్లో కారం కొట్టినట్టు మంట, నేను మోకాళ్ళ మీద ఉన్నాను, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టి తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను, ఏమీ లేదు, ఇదీ పోయింది, ఉన్న ఒక్కటీ పోయింది. పొగలోంచి జరీనా వచ్చింది. చెప్పులు లేవు, కవరు చంకలో, నోరు కదులుతోంది. ఒక్క ముక్క వినపడలేదు, కానీ ఆమె చెప్పేదంతా తెలుస్తోంది, కనుబొమలు ముడిపడితే తిట్టు, కింది పెదవి వణికితే తగిలిందా అని, ముక్కుపుటాలు ఎగిరితే లే అని, కళ్ళు నా మోచేతి మీదికి పోయి వచ్చాయి, ఎముక విరిగిందా అని. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆమె మాటలు విన్నాను, ముఖం ఇట్లా ఎప్పుడూ చూడలేదు. ఉన్నట్టుండి ఆమె నోరు ఆగిపోయింది. నా ముఖం చూసింది, అంతే, నేను ఒక్క మాటా అనలేదు, నాకేమీ వినపడటం లేదని ఆమెకు తెలిసిపోయింది. నా గదుమ పట్టుకుని తనవైపు తిప్పుకుని, తన కొంగుతో నా కళ్ళు తుడిచింది, ఏడుస్తోంది.

ఎంతసేపో తెలియదు, పోలీసులు జనాన్ని తరుముకుంటూ పట్టాల అవతలికి పోయారు. ముందు ఎడమ చెవిలో దూరం నుంచి మోటారు సైకిలు చప్పుడు వచ్చింది, తరవాత జరీనా గొంతు. ఇంట్లో మాది ఉర్దూ, మరీ కోపం వస్తే మహదేవపూర్ తెలుగులోకి దిగుతుంది, ఇప్పుడు దిగింది. "ఇనవడుతున్నదా? ఓ మనిషీ, ఇనవడుతున్నదా నీకు?" వినపడుతోందన్నాను. కాళి బండి ఆపకుండా గుర్రుమనిపిస్తున్నాడు, ఎక్కండి ఎక్కండి అంటున్నాడు. నేను మధ్యలో, జరీనా నా వెనక, ఆమె గడ్డం నా ఎడమ భుజం మీద. కట్ట మీది మట్టి దారిన బండి ఎగిరెగిరి పడుతోంది.

"కోయించుకుంట" అన్నాను. "ముఖం నరానికి అంటుకున్నది మాత్రం ముట్టొద్దని చెప్త. గా పెచ్చు ఉండనీ."

ఆమె నా భుజం మీంచి ముందుకు వంగింది. "గది మల్ల పెరిగితె?"

"అప్పుడు కిరణం పెట్టిస్తరు. మల్ల గీ దారిన్నే పోవాలె."

"పోదం తియ్యి. అప్పటికన్న తెలంగాణ వస్తె, రైలైతె ఆగదు."

నవ్వొచ్చింది, పక్కటెముకలు పట్టేశాయి. బండి అద్దం వంకరగా తిరిగి ఉంది, అందులో జరీనా కనిపించింది. ఆమె నవ్వడం లేదు. నవ్వుతున్న నా నోటినే చూస్తోంది, రెండు వైపులా.